అక్రిలిక్ గోళ్లు లాగకండి, నాననివ్వండి: పార్లర్‌లో తీసే పద్ధతి మొదటి నుంచి చివరిదాకా

పెళ్లికి పెట్టించుకున్న గోళ్లు పదహారు రోజుల పండుగ దాకా ఎలాగోలా నెట్టుకొచ్చి, ఒకటో రెండో పైకి లేచి తల దువ్వుకుంటుంటే జుట్టులో చిక్కుకోవడం మొదలయ్యాక అప్పుడొస్తారు మన దగ్గరికి. కుర్చీలో కూర్చోగానే చెయ్యి చాపి "అక్కా, సగం ఊడే ఉంది, లాగేయ్, పది నిమిషాల్లో పంపించెయ్, కింద ఆటో ఆగుంది" అంటారు.

పార్లర్ పెట్టిన మొదటి ఏడాది ఆ మాట విని నేనూ లాగాను. టక్‌మని వచ్చేసింది, ఇంత సులువా అనుకున్నాను కూడా. ఊడిన ముక్కని తిప్పి చూస్తే లోపలి వైపు తెల్లటి పొరలు అంటుకుని ఉన్నాయి, అవి ఆ అమ్మాయి సొంత గోటివి. రెండో వేలికీ అదే జరిగింది, మూడోదానికి నా చెయ్యి ఆగిపోయింది. ఆ వేసవంతా కొత్తావకాయ అన్నం చెంచాతో తిన్నానని, కారం తగిలితే ఏడుపొచ్చేదని తర్వాత ఎప్పుడో కనిపించినప్పుడు చెప్పింది. నవ్వుతూనే చెప్పింది గానీ మళ్లీ నా దగ్గరికి గోళ్లకి రాలేదు.

కాబట్టి ఇది ముఖ్యంగా నెయిల్స్ పని కొత్తగా మొదలుపెట్టిన బ్యూటీషియన్ల కోసం. పెట్టడం నేర్పడానికి కోర్సులున్నాయి, తీయడం దగ్గరికొచ్చేసరికి "అసిటోన్‌లో పెడితే వచ్చేస్తుంది" అని ఒక్క ముక్కతో ముగించేస్తారు. తీయించుకునేవాళ్లు చదివినా మంచిదే, మీ చేతికి ఏం జరగకూడదో ముందే తెలుస్తుంది.

ముందు ఆ గోటి మీద ఉన్నదేంటో తేల్చుకోండి

వేరే పార్లర్‌లో పెట్టించుకుని మీ దగ్గర తీయించుకునేవాళ్లే ఎక్కువ ఉంటారు, వాళ్లకి "నెయిల్ ఎక్స్‌టెన్షన్స్" అన్న పేరు తప్ప ఇంకేం తెలియదు. పొడి, లిక్విడ్ కలిపి బ్రష్‌తో ముద్దగా పెట్టారా, పెట్టేటప్పుడు ముక్కు పుటాలు అదిరే ఘాటు వాసన వచ్చిందా అని అడగండి. అయితే అది అక్రిలిక్, యు.వి. ల్యాంప్ లేకుండా దానంతటదే గట్టిపడుతుంది (పైన వేసే టాప్ కోట్‌కి ల్యాంప్ వాడి ఉండొచ్చు, దాంతో కన్ఫ్యూజ్ అవ్వకండి). కట్టుడు పళ్ల చిగుళ్లు చేసే ప్లాస్టిక్‌ది కూడా ఈ కుటుంబమే. అసిటోన్ దీన్ని నీళ్లలో ఉప్పు కరిగించినట్టు కరిగించదు, లోపలికి దూరి ఉబ్బించి మెత్తబరుస్తుంది, నీళ్లలో వేసిన అటుకుల్లాగా. మెత్తబడ్డాక అదే గోటిని వదిలేస్తుంది.

ల్యాంప్ కింద గట్టిపడే హార్డ్ జెల్ అలా కాదు. దాని లోపలి గొలుసులు ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడి ఉంటాయి, అసిటోన్ ఎంతసేపు పెట్టినా చలనం ఉండదు, ఫైల్ చేసి తీయాల్సిందే. పాలీజెల్ (జెల్‌లో అక్రిలిక్ పొడి కలిపిన రకం) కంపెనీని బట్టి ఉంటుంది. మామూలు జెల్ పాలిష్ నానుతుంది. అనుమానంగా ఉంటే ఒక వేలు మీద పైపొర కొంచెం గీకి, అసిటోన్ తడిపిన చిన్న దూది ముక్క పది నిమిషాలు పెట్టి చెక్క పుల్లతో తాకి చూడండి. పైన జిగటగా, మెత్తగా అయితే నానే రకం. గాజులా అలాగే ఉంటే నానే రకం కాదు.

ఇంకో చిక్కు ఎం.ఎం.ఎ. (మిథైల్ మెథాక్రిలేట్) లిక్విడ్. మంచి నెయిల్ లిక్విడ్‌లలో వాడేది ఇ.ఎం.ఎ. (ఇథైల్ మెథాక్రిలేట్), చవకవాటిలో దాని బదులు ఎం.ఎం.ఎ. కలుస్తుంది. దాంతో పెట్టిన గోళ్లు రాయిలా ఉంటాయి, అసిటోన్‌కి చాలా నెమ్మదిగా లొంగుతాయి, ఎక్కడైనా తగిలితే అది విరగదు, సొంత గోటిని పట్టుకుని పైకి లేపుతుంది. అమెరికాలో 1970ల్లోనే గోళ్లు పాడయ్యాయని ఫిర్యాదులొచ్చి, పూర్తిగా ఎం.ఎం.ఎ.తోనే చేసిన లిక్విడ్‌లని అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. కోర్టుల దాకా వెళ్లి మార్కెట్లోంచి తీయించింది. మన దగ్గర లేబుల్ లేని డబ్బాలో చవగ్గా దొరికే లిక్విడ్ కొనేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. అరగంట నానబెట్టినా పైన గీత కూడా పడని అక్రిలిక్ మీ ముందుకొస్తే మొదట దాన్నే అనుమానించండి.

ఎవరికి ఆగాలి

వేళ్లు పదీ వెలుతురులో పెట్టి ఒక్కొక్కటే చూడండి. గోటి పక్క వాచి ఎర్రగా ఉన్నా, చీము కనిపించినా, నొక్కితే నొప్పి అన్నా ఆ రోజు పని పెట్టుకోకండి, స్కిన్ డాక్టర్ దగ్గరికి పంపండి. వాచిన వేలికి అసిటోన్ పెట్టడమంటే నిజంగానే గోరుచుట్టు మీద రోకటిపోటు. చుట్టూ చర్మం దురదగా, చిన్న నీటి పొక్కులతో, పొట్టు రాలుతూ ఉంటే అది ఈ మెటీరియల్ పడకపోవడం వల్ల వచ్చిన ఎలర్జీ కావచ్చు, వాళ్లకి డాక్టర్ చెప్పేదాకా కొత్త సెట్ మాత్రం ఎత్తకండి. ఇది ఒకసారి మొదలైతే పోయేది కాదు, పైగా పళ్లకి వేసే ఫిల్లింగుల్లో, కీళ్ల ఆపరేషన్లలో వాడే సిమెంట్‌లో కూడా ఇదే కుటుంబం పదార్థాలుంటాయి కాబట్టి ఆ ఎలర్జీ సంగతి ఆమె తన డాక్టర్లకి చెప్పుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లకి చిన్న గాటు కూడా మానడానికి టైం పడుతుంది, వాళ్లకి డ్రిల్ మెషిన్ పక్కన పెట్టి చేత్తోనే చేయండి.

గోటి కింద ఆకుపచ్చ మచ్చ కనిపిస్తే కంగారు పడొద్దు, దాచేయొద్దు. లేచిన సందులోకి తడి చేరి బ్యాక్టీరియా పెరిగితే ఆ రంగొస్తుంది. పైన ఉన్నది తీసేయాలి, తీశాక ఆ గోటిని పొడిగా ఉంచాలి, దాని మీద మళ్లీ ఏమీ పెట్టకూడదు. దానికి వాడిన ఫైల్, పుల్ల అక్కడే పారేయండి.

ఆపరేషన్ ఉందని, కాన్పు దగ్గరపడిందని వచ్చేవాళ్లకి ముందు టైం ఇవ్వండి. వేలికి తగిలించే పల్స్ ఆక్సిమీటర్ గోటి గుండా వెలుతురు పంపి ఆక్సిజన్ చూస్తుంది, పైన మందంగా రంగు గోరుంటే రీడింగ్ తేడా రావచ్చు, డాక్టర్లు గోటి రంగు నీలమవుతుందేమో కూడా చూసుకుంటారు. నేనైతే ఏడో నెల దాటిన కస్టమర్లకి ఇప్పుడే తీయించుకోమని నేనే ఫోన్ చేస్తాను, నొప్పులు మొదలయ్యాక అర్ధరాత్రి ఎవరూ ఫాయిల్ చుట్టుకుని కూర్చోలేరు కదా. గర్భిణులకి చేసేటప్పుడు తలుపూ కిటికీ తెరిచి, గాలి ఆడే చోట కూర్చోబెట్టండి.

టేబుల్ మీద ఏముండాలి, గదిలో ఏముండకూడదు

ప్యూర్ అసిటోన్ కావాలి. ఫ్యాన్సీ షాపులో దొరికే చిన్న నెయిల్ పాలిష్ రిమూవర్ సీసాలతో ఈ పని కాదు, వాటిలో కొన్నింట్లో అసలు అసిటోనే ఉండదు. హైదరాబాద్ వాళ్లకి బేగంబజార్‌లో, మిగతా ఊళ్లలో బ్యూటీ సామాన్లు హోల్‌సేల్‌గా అమ్మే చోట అర లీటరు, లీటరు బాటిళ్లు దొరుకుతాయి. సీలు చూసి కొనండి.

అది కాక దూది, అల్యూమినియం ఫాయిల్, వాజలైన్, 100, 180 నంబర్ ఫైళ్లు, నున్నగా చేసే 240 బఫర్ (నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది), నెయిల్ కట్టర్ లేదా టిప్ కట్టర్, చెక్క పుల్లలు, పుషర్ (మెత్తబడ్డదాన్ని నెట్టే చిన్న చదునైన ఇనుప పనిముట్టు), కాటన్ టవల్, గోళ్ల నూనె. ఇనుప సామాన్లు సబ్బుతో కడిగి, ఆరాక స్టెరిలైజ్ చేసినవై ఉండాలి. ఫైళ్లు, పుల్లలు ఒక మనిషికి వాడినవి ఇంకొకరికి వాడకండి, ఫైల్ ధర కలిపే బిల్లు వేసుకోండి.

అసిటోన్ పోసే గిన్నె స్టీలుది గానీ గాజుది గానీ అయ్యుండాలి. కొత్తలో మా అసిస్టెంట్ అమ్మాయి టీ తాగిన థర్మోకోల్ కప్పులో పోసింది, చూస్తుండగానే కప్పు అడుగు మాయమై మొత్తం టేబుల్ మీదికి, అక్కణ్నుంచి కస్టమర్ ఒళ్లోకి. పాలిష్ పెట్టిన చెక్క, రెక్సిన్, కళ్లజోడు ఫ్రేము, ఫోన్ కవరు, ఇవన్నీ పాడవుతాయి. ఉంగరాలు, రాళ్ల గాజులు తీయించండి, రాళ్లని పట్టుకున్న జిగురుకీ అసిటోన్‌కీ పడదు. ఒళ్లో పాత కాటన్ టవల్ మందంగా పరవండి, మంచి చీర కట్టుకొచ్చిందంటే రెండు పరవండి.

ఇక నిప్పు సంగతి. దీన్ని చాలా తేలిగ్గా తీసుకుంటున్నాం మనం. అసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది, సున్నాకి 20 డిగ్రీల కింద చలిలో కూడా దాని ఆవిరి అంటుకోగలదు, ఇక మన ఎండాకాలంలో చెప్పేదేముంది. ఆ ఆవిరి గాలి కంటే బరువు, పైకి పోకుండా నేల వెంబడి పాకుతుంది. మన పార్లర్లలో పొద్దున్నే దేవుడి పటం ముందు దీపం, అగరబత్తి వెలిగిస్తాం, ఓ మూల వ్యాక్స్ హీటర్ నడుస్తుంటుంది, వెనక గదిలో టీకి చిన్న స్టవ్ ఉంటుంది. రిమూవల్ మొదలుపెట్టే ముందు ఇవన్నీ ఆపేయాలి, దీపం కొండెక్కాకే బాటిల్ మూత తీయాలి. అసిటోన్ త్వరగా పనిచేయాలని గిన్నెని స్టవ్ మీదో, మైక్రోవేవ్‌లోనో, హెయిర్ డ్రయ్యర్‌తోనో వేడి చేసేవాళ్లున్నారు, దయచేసి వద్దు. వెచ్చదనం కావాలంటే ఫాయిల్ చుట్టిన చేతుల మీద గోరువెచ్చని నీళ్లలో పిండిన టవల్ కప్పండి, చాలు.

ఏసీ వేసి తలుపులు బిగించేసిన గదిలో ఈ పని చేయకండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, కిటికీ తీయండి. ఎన్95 మాస్క్ ఫైల్ చేసేటప్పుడు లేచే పొడిని ఆపుతుంది, అసిటోన్ ఆవిరిని ఆపదు, మాస్క్ పెట్టుకున్నాం కదా అని కిటికీ మూసేయడం తప్పు. తల తిరిగినట్టుందంటే మీరైనా కస్టమరైనా లేచి బయటికెళ్లి గాలి పీల్చుకోండి.

గ్లవ్స్ గురించి ఒక మాట. బ్యూటీ షాపుల్లో దొరికే నీలం నైట్రైల్ గ్లవ్స్ అక్రిలిక్ పొడికి బాగుంటాయి, అసిటోన్‌కి మాత్రం నిమిషాల్లో దారిస్తాయి. తడిస్తే వెంటనే మార్చేయండి.

1. పొడవు కత్తిరించండి

పొడవు ఎంత తగ్గిస్తే నానబెట్టే పని అంత తగ్గుతుంది. కస్టమర్ వేలిని కింద నుంచి చూసి సొంత గోరు ఎక్కడిదాకా పెరిగిందో, చివరన ఉండే సున్నితమైన చర్మం ఎక్కడుందో చూసుకున్నాకే కట్టర్ పెట్టండి. మధ్యలో ఒక్కసారి టక్కున నొక్కితే ఆ అదురు మొత్తం అడుగు దాకా పోయి గోరు లేస్తుంది, అందుకే ఒక పక్క నుంచి సగం, ఇంకో పక్క నుంచి సగం కొరికినట్టు కత్తిరించండి. లేచి ఉన్న వేలికైతే కట్టర్ అసలు వాడకుండా ఫైల్‌తోనే తగ్గించడం మేలు. రాళ్లు, పూసలు అంటించి ఉంటే వాటిని కూడా ఫైల్ చేసి వదులు చేయండి, పీకకండి.

2. పైపొర గీకి పల్చన చేయండి

పైనున్న జెల్ టాప్ కోట్, రంగు అలాగే ఉంటే అసిటోన్ లోపలికి దిగదు, గంట కూర్చున్నా వృథాయే. కాబట్టి 100 ఫైల్‌తో ముందు మెరుపు, తర్వాత రంగు, ఆ తర్వాత అక్రిలిక్ మందం తగ్గించుకుంటూ రండి. మూడొంతుల మందం పోయి, సొంత గోరు మసగ్గా కనపడేంత పల్చటి పొర మిగిలితే అక్కడ ఆగిపోవాలి. నిజంగా ఆగిపోవాలి. పని తెలిసినవాళ్లు కూడా చెడగొట్టేది ఇక్కడే, ఇంకొంచెం గీకితే నానబెట్టే పనే ఉండదు కదా అన్న ఆశతో. సొంత గోరు మందం అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది, ఆ ఆశకి దాంట్లో చోటు లేదు.

డ్రిల్ మెషిన్ చేతిలో ఉంటే ఇంకా జాగ్రత్త. నేర్చుకునే రోజుల్లో స్పీడు నిమిషానికి 10,000 చుట్లు దాటనివ్వకండి, చెయ్యి కుదిరాక పెంచుకోవచ్చు. బిట్‌ని (మెషిన్‌కి తగిలించే, తిరిగే పుల్లని) గోటికి సమాంతరంగా పడుకోబెట్టి, ఒకే చోట ఆపకుండా, నొక్కకుండా కదుపుతూ ఉండాలి. మొన వంచి క్యూటికల్ (గోటి మొదట్లో ఉండే పల్చటి చర్మం) దగ్గర పెడితే ఎర్రటి అర్ధచంద్రం గాడి పడుతుంది, అది గోటితో పాటు పెరిగి చివరికొచ్చి కత్తిరించేదాకా నెలల తరబడి మీ పనితనాన్ని చాటుతూనే ఉంటుంది. కస్టమర్ చెయ్యి వెనక్కి లాక్కుంటే "ఏం కాదు ఓర్చుకో" అనొద్దు, వేడి పుట్టిందని అర్థం, బిట్ ఎత్తేయండి. వేడి అంటే నొప్పికి ముందొచ్చే కబురు.

పొడిని బ్రష్‌తో తుడవండి, నోటితో ఊదకండి. ఆ పొడి మీ ఊపిరితిత్తుల్లోకీ పోతుంది, కస్టమర్ కళ్లలోకీ పోతుంది.

3. చర్మానికి వాజలైన్

గోటి చుట్టూ, వేలి చివర దాకా వాజలైన్ మందంగా రాయండి. కొబ్బరి నూనె కూడా రాయొచ్చు గానీ అది జారి గోటి మీదికొస్తుంది, గోటి మీద జిడ్డుంటే అసిటోన్ పని చేయదు. రాశాక గోటి పైభాగాన్ని మాత్రం పొడి దూదితో ఒకసారి తుడిచేయండి.

4. దూది, ఫాయిల్

ఫాయిల్‌ని నాలుగంగుళాల చదరం ముక్కలుగా పది ముందే కోసి పెట్టుకోండి, అసిటోన్ చేతులతో ఫాయిల్ రోల్ విప్పడం పెద్ద ప్రహసనం. దూది గోరంత సైజులోనే తీసుకోవాలి, పెద్ద ముద్ద పెడితే చర్మమంతా తడిసి మంట. అసిటోన్‌లో ముంచి, కారకుండా కొద్దిగా పిండి, గోటి మీద అతికినట్టు పెట్టి ఫాయిల్ బిగుతుగా చుట్టి చివర మెలేయండి. వదులుగా చుడితే అసిటోన్ ఆవిరైపోయి పొడి దూది మిగులుతుంది. ఫాయిల్ బదులు ప్లాస్టిక్ క్లిప్పులు కూడా వస్తున్నాయి, చిన్న వేలికి అవి సరిగ్గా పట్టవు, నాకు ఫాయిలే ఇష్టం.

గిన్నెలో అసిటోన్ పోసి వేళ్లు ముంచే పద్ధతి కూడా ఉంది, అక్రిలిక్ బాగా మందంగా ఉంటే అది త్వరగా అవుతుంది. కానీ చర్మం సుద్దముక్కలా తెల్లబడి ఎండిపోతుంది, గదిలోకి ఆవిరి ఎక్కువ లేస్తుంది. చిన్న గదుల్లో పని చేసేవాళ్లం ఫాయిల్‌కే కట్టుబడితే మంచిది.

ఒక చెయ్యి ముందు చుట్టి, రెండోది పది నిమిషాలాగి చుడితే తీసేటప్పుడు మీకు హడావుడి ఉండదు, ఆమెకి ఫోన్ చూసుకోడానికి ఒక చెయ్యి ఖాళీ ఉంటుంది. చుట్టాక మంట పుడితే చెప్పమనండి. చల్లగా ఉండటం మామూలే, అసిటోన్ ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. మంట మాత్రం మామూలు కాదు, ఎక్కడో గాటుందన్నమాట, విప్పి కడిగి చూడండి.

5. ఎదురుచూడటం, తీయడం, మళ్లీ ఎదురుచూడటం

పదిహేను ఇరవై నిమిషాలయ్యాక ఒక్క వేలు మాత్రమే విప్పండి. పదీ ఒకేసారి విప్పితే మొదటి వేలు గీకేలోపు మిగతా తొమ్మిదీ ఆరి మళ్లీ గట్టిపడతాయి, అంతసేపు నానబెట్టిందంతా పోయినట్టే. అక్రిలిక్ పగుళ్లు పోయి, మెత్తగా, పైకి లేచినట్టుండాలి. దాన్ని చెక్క పుల్లతో గానీ, పుషర్‌ని దాదాపు పడుకోబెట్టి గానీ క్యూటికల్ వైపు నుంచి గోటి చివరకి నెట్టండి. దోసె పెనం మీంచి అట్లకాడతో తీస్తామే, కాలిన చోట అదే వస్తుంది, కాలని చోట పెనానికి పట్టుకుంటుంది, ఇదీ అంతే. వచ్చినంతే తీసి, పట్టుకున్నచోట వదిలేసి, తాజా అసిటోన్‌తో కొత్త దూది పెట్టి ఇంకో ఐదు పది నిమిషాలు చుట్టేయండి.

ఇలా రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు అవుతుంది. మొత్తం మీద ముప్పావు గంట అనుకోండి, మందాన్ని బట్టి గంట. పుషర్‌తో తవ్వాలనిపించిందంటే ఇంకా నానలేదని అర్థం, మీ చేతి బలానికి ఇక్కడ పని లేదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అన్న సామెత మనవాళ్లు వేరే దేనికో చెప్పారు గానీ ఈ పనికి అక్షరాలా సరిపోతుంది.

టిప్ అంటించి దానిపైన అక్రిలిక్ వేసి ఉంటే ఆ ప్లాస్టిక్ టిప్ ముందు కరిగి బంకలా సాగుతుంది. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, భయపడకండి, అసిటోన్ తడిపిన దూదితో గోటి చివరి వైపు తుడిస్తే పోతుంది.

ఎం.ఎం.ఎ. అని అనుమానించిన గోరు రెండు మూడుసార్లు చుట్టినా కదలకపోతే ఇక పంతానికి పోవద్దు. ఫైల్‌తో వీలైనంత పల్చన చేసి, కాగితమంత పొర గోటి మీదే వదిలేసి, అది పెరుగుతుంటే రెండు వారాలకోసారి వచ్చి చివర్లు కత్తిరించుకోమని చెప్పండి. హార్డ్ జెల్‌కి కూడా ఇదే దారి. కస్టమర్ మొహం చిన్నబుచ్చుకుంటుంది, ఎందుకో విడమరిచి చెబితే అర్థం చేసుకుంటుంది.

6. ముగింపు పని

చిన్న చిన్న తెల్లటి చుక్కలు మిగిలితే 240 బఫర్‌తో రెండు మూడుసార్లు తేలిగ్గా రుద్దండి. అద్దంలా మెరిపించమని అడుగుతారు, మెరిపించాలంటే గోటిని అరగదీయాలి, ఆ రోజుకి వద్దని చెప్పండి. తర్వాత చేతులు సబ్బుతో కడిగించండి, అసిటోన్ వాజలైన్ రెండూ పోవాలి. గోళ్లు వేలి చివరకి సమానంగా పొట్టిగా కత్తిరించి గుండ్రంగా ఫైల్ చేయండి, పల్చబడిన గోరు పొడవుంటే మొదటి రోజే చీలుతుంది. ఆ తర్వాత ధారాళంగా నూనె: గోళ్ల నూనె, బాదం నూనె, ఇంట్లో కొబ్బరి నూనె, ఏదైనా సరే. తీయగానే కనపడే తెల్లటి పొడి మచ్చలు చాలామటుకు ఎండిపోవడం వల్ల వచ్చినవే, నూనె రాయగానే సగం పోతాయి. నూనె రాసినా పోకుండా, తాకితే నొప్పిగా ఉంటే మాత్రం పొర లేచిందని లెక్క, దాచకుండా కస్టమర్‌కి చూపించి చెప్పండి.

"మళ్లీ ఇవాళే కొత్త సెట్ వేసేయ్" అన్నవాళ్లకి గోరు గట్టిగా, నున్నగా ఉంటే వేయొచ్చు. గోళ్లకి గాలి ఆడాలి, ఊపిరి పీల్చుకోవాలి అని మనమే ప్రచారం చేస్తాం గానీ పైకి కనిపించే గోరు ప్రాణం లేని పొర, దానికి కావాల్సింది లోపల రక్తం నుంచి వస్తుంది. విరామం ఇవ్వాల్సింది అది పల్చబడి, వంగిపోతూ, నొప్పి పెడుతున్నప్పుడు. అప్పుడు ఎంత బతిమాలినా వేయొద్దు.

ఇంటికెళ్లాక చేయాల్సినవి పంపేముందే చెప్పండి. రోజుకి రెండుసార్లు నూనె, గిన్నెలు తోమేటప్పుడు బట్టలుతికేటప్పుడు రబ్బరు గ్లవ్స్, గోటితో డబ్బా మూతలు తీయొద్దు, పొరలు లేస్తే పీకకుండా కత్తిరించుకోవాలి. నిమ్మచెక్కతో రుద్దితే గోళ్లు తెల్లబడతాయని ఎవరో ఒకరు చెబుతారు, పల్చటి గోటి మీద ఆ పులుపు మంట తప్ప ఒరిగేదేం ఉండదు. చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మొదలు నుంచి చివర దాకా పూర్తిగా కొత్తది రావడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. కాలి గోళ్లకి ఏడాది పైనే. ఈ లెక్క ముందే చెబితే వారానికోసారి ఫోన్ చేసి "ఇంకా రాలేదేంటి" అని అడగరు.

డబ్బుల మాట కూడా చెప్పేస్తాను. రిమూవల్ ఫ్రీ అని బోర్డు పెట్టకండి. ఫ్రీ అన్నప్పుడే మనకి తొందర పుడుతుంది, తొందరలోనే లాగుతాం. ఎంత తీసుకోవాలన్నది మీ ఊరిని బట్టి ఉంటుంది, గంట కుర్చీ మీ దగ్గర ఎంతో లెక్కేసుకుని అంత చెప్పండి. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే గంట పడుతుందని, ఆటో ఆపి రావద్దని చెప్పండి.

అన్నీ అయ్యాక తడి దూది, ఫాయిల్ ముక్కలు మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, సాయంత్రం దాకా ఉంచకుండా బయటికి పంపేయండి. గిన్నెలో మిగిలిన అసిటోన్ సింకులో పోయకండి, పీవీసీ పైపుల్ని మెత్తబరుస్తుంది. కొంచెమే మిగిలితే మేడ మీద, నిప్పు దరిదాపుల్లో లేని చోట గిన్నెతో పెడితే కాసేపట్లో ఆవిరైపోతుంది. బాటిల్ మూత బిగించి నీడన పెట్టి, టేబుల్ తుడిచి, గదిలో వాసన పూర్తిగా పోయాక అప్పుడు వ్యాక్స్ హీటర్ స్విచ్ వేయండి.